గోదారి పెరట్లోంచి వస్తుంది

మాది ఏటూరునాగారానికి దిగువన గోదారి ఒడ్డు ఊరు. ముందు గోదారి, వెనక వాగు, వాగు మీద లోలెవల్ కాజ్‌వే (ఎత్తు తక్కువ వంతెన), అది దాటితే మండల కేంద్రానికి పోయే రోడ్డు. వరద అనగానే బయటి నుంచి వచ్చినవాళ్లు గోదారి ఒడ్డున నిలబడి ఫోన్లలో వీడియోలు తీస్తారు. మేం మాత్రం వెనక్కి చూస్తాం. ఇక్కడ గోదారి ఇంట్లోకి ముందు వాకిలి నుంచి రాదు. వాగులోంచి ఎగదన్ని, పెరట్లోంచి వస్తుంది. అంతకన్నా ముందే రోడ్డును ముంచుతుంది. గడపకు నీళ్లు తాకకముందే, ఒక్కోసారి ఒక పూట ముందే, ఊరు దీవి అయిపోతుంది. అందుకే ఎప్పుడు బయల్దేరాలన్న లెక్క గడపతో కట్టం, కాజ్‌వేతో కడతాం.

వాగు మామూలు రోజుల్లో గోదారిలోకి దిగుతుంది. గోదారి మట్టం వాగు మూతిని మించి లేచిందంటే వాగు నీళ్లకు పోయే తోవ మూసుకుపోతుంది. పైన కురిసిన వాన వస్తూనే ఉంటుంది, కింద గోదారి అడ్డం నిలబడి ఉంటుంది, రెండూ కలిసి పొలాల మీద పరుచుకుంటాయి. ఎగపోటు అనేది దీన్నే. కాజ్‌వే మీద నిలబడి ఒక మోదుగాకు నీళ్లలో వేస్తే సంగతి తెలుస్తుంది. ఆకు గోదారి వైపు పోతుంటే ఇంకా టైముంది. ఉన్నచోటే గిరగిర తిరుగుతుంటే మూటలు కట్టాలి. ఊరి వైపు వెనక్కి వస్తుంటే ముసలోళ్లను, పిల్లలను ఆ గంటలోనే రోడ్డెక్కించాలి.

వచ్చే వరద ఏ రకమో కూడా చూసుకోవాలి. 2022 జులైలో వచ్చింది గోదారి వరద. మేడిగడ్డ బరాజ్ దగ్గర 28 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్లు) దాటింది. భద్రాచలంలో జులై 16న 71.3 అడుగులకు పోయింది. అక్కడ దాన్ని మించింది 1986 ఆగస్టు నాటి 75.6 అడుగులు. అలాంటి వరద చెప్పి వస్తుంది. ఎగువన ఎక్కడెక్కడ ఎంత ఉందో చూసుకుంటూ సర్దుకునే వ్యవధి ఇస్తుంది. 2023 జులై 27 నాటిది వాగుల వరద. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడి ప్రాణాలు తీసింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిలో జనం తెల్లారేసరికి మిద్దెల మీదా చెట్ల మీదా ఉన్నారు. గోదారి గేజీ (నీటి మట్టం కొలిచే కొలబద్ద) చూస్తూ కూర్చున్నవాళ్లకు ఆ వరద కనిపించదు.

వాగు వరదకు వానే గేజీ. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 115 మిల్లీమీటర్లు దాటితే అతి భారీ, 204 దాటితే అత్యంత భారీ వర్షం. పైన అడవిలో ఎంత పడిందో ఆటోమేటిక్ వాన కేంద్రాల లెక్కలు ఫోన్లో వస్తాయి. కరెంటు, సిగ్నల్ పోయినప్పుడు గోడలు నిటారుగా ఉన్న పెయింటు డబ్బా ఒకటి ఆరుబయట, చెట్టు కిందా చూరు కిందా కాకుండా పెట్టి, స్కేలుతో కొలుస్తాం. రాత్రి పడుకునేటప్పుడు పెట్టిన డబ్బాలో తెల్లారకముందే నాలుగు వేళ్ల నీళ్లు కనబడితే మళ్లీ పడుకోవడం ఉండదు. డబ్బా మన ఊరి వాననే చెబుతుంది, వాగు తెచ్చేది పై ఊళ్ల వానను. అందుకని వాగుకు ఎగువ ఊళ్లలో ఇద్దరు ముగ్గురు చుట్టాల నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించి ఉంచుతాం. ఫోన్లో ఉన్న నంబరు ఫోను చచ్చిపోతే పనికిరాదు.

గోదారి వరదకు చూడాల్సినవి వేరే. టీవీలో శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారని రాగానే పట్నం నుంచి ఫోన్లు మొదలవుతాయి. శ్రీరాంసాగర్ 1,091 అడుగులకు నిండినా, కడెం 700 అడుగులకు నిండినా ముందు జాగ్రత్త పడాల్సింది నిర్మల్, జగిత్యాల, మంచిర్యాల, మంథని వైపు వాళ్లు. మాకు అసలు మొగుడు ప్రాణహిత. వార్ధా, వైన్‌గంగ నీళ్లను విదర్భ నుంచి తెచ్చి కాళేశ్వరం దగ్గర గోదారిలో పోస్తుంది. ప్రాణహిత మీద ఆ నీళ్లను పట్టి ఆపే ప్రాజెక్టు లేదు. కాబట్టి ఇక్కడ చినుకు లేకపోయినా చంద్రాపూర్, గడ్చిరోలి వైపు రెండు రోజులు ముసురు పట్టిందంటే మేం పనులు మొదలుపెడతాం. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ఇంద్రావతి మేడిగడ్డకు దిగువన కలుస్తుంది. మేడిగడ్డ లెక్కలో అది ఉండదు. అక్కడ తగ్గుతోందన్న వార్త విని నిమ్మళంగా కూర్చుంటే, బస్తర్ నుంచి వచ్చే నీళ్లు ఆ తగ్గుదలను తినేస్తాయి. రెండూ కలిసిన తర్వాతి మట్టం పేరూరు గేజీలో తెలుస్తుంది. మా లెక్కకు అదే నమ్మదగ్గది.

క్యూసెక్కులు వినీ వినీ చెవులకు మొద్దుబారిపోతాయి కాబట్టి ఒక పోలిక గుర్తు పెట్టుకుంటాం. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పది లక్షలు పారుతోందంటే ఎల్లంపల్లి లాంటి 20 టీఎంసీల జలాశయం ఐదున్నర గంటల్లో నిండేంత నీరు ఊరి ముందు నుంచి పోతోందని అర్థం.

ఏటూరునాగారం దగ్గరి రామన్నగూడెం పుష్కరఘాట్ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 14.83 మీటర్లు, రెండోది 15.83, మూడోది 17.33. మొదటికీ రెండోదానికీ నడుమ మీటరే, అంటే మూడుంపావు అడుగులు. భద్రాచలం హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. అవి అడుగులు, ఇవి మీటర్లు, పైగా అది వేరే చోటి గేజీ. అక్కడి అంకెను తెచ్చి ఇక్కడ పెట్టి కొట్లాడుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. ఘాట్ దగ్గరి అంకె ఎంత ఉన్నప్పుడు మన ఊళ్లో నీళ్లు ఎక్కడున్నాయో రాసిపెట్టుకున్నవాడికే అది ఉపయోగపడుతుంది. మా కాజ్‌వే మొదటి హెచ్చరికకూ రెండోదానికీ నడుమ మునుగుతుంది. పల్లపు కొట్టాలు రెండో హెచ్చరిక దాటాక. ఈ ముక్కలు క్యాలెండర్ వెనక తేదీలతో సహా రాసి ఉన్నాయి. క్యాలెండర్ మార్చినప్పుడల్లా కొత్తదాని మీదికి ఎక్కిస్తాం.

సొంత గేజీ తయారీ పెద్ద పనేం కాదు. ఆరడుగుల పీవీసీ పైపుకు ప్రతి పది సెంటీమీటర్లకు ఒక ఎర్ర టేపు, నడుమ అయిదు దగ్గర నల్ల టేపు చుట్టి, కాజ్‌వే పక్కన కరెంటు లేని స్తంభానికో చెట్టుకో కట్టాలి. బురదలో ఊరికే పాతితే వంగిపోతుంది, కర్ర వంగిన సంగతి తెలియక నీళ్లు లేచాయనుకుంటాం. మూడు గంటలకోసారి చూసి రాయాలి. మూడు గంటల్లో 30 సెంటీమీటర్లు లేస్తే గంటకు పది. కాజ్‌వే ఇంకా 80 పైన ఉంటే లెక్క ప్రకారం ఎనిమిది గంటలు. మేం దాన్ని సగం చేసుకుంటాం. పైన వాన పడితే వాగు తన వాటా కలుపుతుంది, రాత్రి పూట ఏ పనికైనా రెట్టింపు టైము పడుతుంది. ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. గోదారి ఒడ్డు పొర్లి పొలాల్లోకి దిగినప్పుడు కర్ర మీద మట్టం ఆగినట్టే కనిపిస్తుంది. ఆగలేదు, పల్లం నింపుతోంది. పల్లం నిండగానే మళ్లీ లేస్తుంది. ఆ రెండు మూడు గంటల ఆగుదల చూసి "ఇగ తగ్గుతది తీయ్" అని మూటలు విప్పిన ఇళ్లే ఎక్కువ నష్టపోతాయి.

మొదటి హెచ్చరిక రాగానే పశువులు కదలాలి. మనుషులకన్నా ముందు అవే. కాజ్‌వే మీద మడమలోతు నీళ్లు పారినా బర్రె బెదురుతుంది, ఒకటి బెదిరితే మంద మొత్తం వెనక్కి తిరుగుతుంది. రోడ్డు పొడిగా ఉండగానే గుట్ట వైపు తోలాలి. పెద్ద పశువుకు రోజుకు అయిదారు కిలోల ఎండుగడ్డి లెక్కన కనీసం నాలుగు రోజులకు ముందే ట్రాక్టరులో పంపాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించకపోతే తడిసిన పశువు వరద తర్వాత పడిపోతుంది. టైము దొరక్క వదిలేయాల్సి వస్తే పలుపు కోసి వదలాలి. కట్టేసిన పశువు నిలబడ్డచోటే చస్తుంది. వదిలిన బర్రె చాలావరకు ఈది మిట్ట వెతుక్కుంటుంది.

అదే పూట వాగు ఒడ్డు మోటార్లు. స్టార్టర్ డబ్బా, మోనోబ్లాక్ మోటారు విప్పి తేవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్‌మన్ ఆపాడని రూఢి అయ్యాకే చెయ్యి పెట్టాలి. సబ్‌మెర్సిబుల్‌ను బోరులోనే ఉంచి, బోరు మూతికి ప్లాస్టిక్ కవరు, దాని మీద సైకిలు ట్యూబు గట్టిగా చుట్టి కట్టాలి. బురద నీళ్లు పూర్తిగా ఆగకపోవచ్చు, చెత్తా ఇసుకా మాత్రం ఆగుతాయి.

ఇంట్లో సర్దడానికి వచ్చేసరికి అందరూ టీవీ, ఫ్రిజ్ మీద పడతారు. ముందు చూడాల్సింది తేలేవాటిని. గ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నా నీళ్లలో తేలుతుంది. దాని బరువు ముప్ఫై కిలోల అటూఇటూ, అది తోసే నీళ్లు అంతకన్నా ఎక్కువ. రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, కిటికీ ఊచలకు తాడుతో కట్టకపోతే ఇల్లంతా తిరుగుతూ అన్నిటినీ కొడుతుంది. సగం ఖాళీగా ఉన్న బియ్యం డ్రమ్ము కూడా అంతే, లేచి పక్కకు ఒరిగి మూత ఊడుతుంది. బియ్యాన్ని యూరియా సంచుల్లో కాకుండా లోపల ప్లాస్టిక్ కవరున్న సంచుల్లోకి మార్చి సజ్జ మీదికి ఎక్కించాలి. బీరువాలో కింది అరలు ఖాళీ చేసి బరువు పైకి పెడితే అది నీళ్లలో బోర్లా పడుతుంది. ఎత్తగలిగినవి సజ్జ మీదికి ఎక్కించి, మిగిలిన బీరువాను గోడకు మేకు కొట్టి కట్టేయడం మేలు. దూది పరుపు తడిస్తే నలుగురు కూడా ఎత్తలేరు. అది సజ్జ మీదికి పోవాల్సిందే, లేదంటే దాని మీద ఆశ వదులుకోవాలి.

ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం, పిల్లల మెమోలు రెండు ప్లాస్టిక్ కవర్లలో, ఒకదానిలో ఒకటి పెట్టి, మూతి మడిచి కట్టి ఇంటి ఆడవాళ్ల దగ్గర ఉంచడం మా దగ్గర ఆనవాయితీ. మగవాళ్లు మోటార్ల వెంట, పశువుల వెంట తిరుగుతూ సంచి ఎక్కడో పెట్టి మరిచిపోతారు, నిజం చెప్పుకోవాలి. బీపీ, షుగరు గోలీలు పదిహేను రోజులకు సరిపడా అదే సంచిలో. నెలలు నిండిన ఆడబిడ్డ ఇంట్లో ఉంటే హెచ్చరికలతో పని లేదు. వాగులు పొంగే కాలం మొదలవగానే ఆశ కార్యకర్తకు చెప్పి దవాఖాన ఉన్న ఊళ్లో ఉంచాలి.

నీళ్లు ఇంట్లోకి వచ్చే మొదటి తోవ తలుపు కాదు, మరుగుదొడ్డి. సెప్టిక్ ట్యాంకు నిండగానే బేసిన్‌లోంచి ఎగదన్నుతుంది. మందపాటి కవరులో ఇసుక పోసి ముడి వేసి బేసిన్‌లో కూరి, పైన ఇంకో సంచి పెట్టాలి. బాత్రూం జాలీకీ అంతే. ఇక తలుపుకు ఇసుక సంచులు. సంచి సగానికి కొంచెం ఎక్కువ, ఇరవై కిలోల దాకా నింపాలి. నిండా నింపితే గుండ్రంగా బిగుసుకుని నడుమ సందులు వదులుతుంది. మూతి కింద మడిచి, ఇటుక కట్టినట్టు అతుకు మీద అతుకు పడకుండా పేర్చి, ప్రతి వరసనూ కాలితో తొక్కాలి. మూడడుగుల తలుపుకు రెండడుగుల ఎత్తు, రెండు వరసల మందం పెట్టాలంటే పాతిక సంచులు పోతాయి. ఇవి మోకాలు లోపు నీళ్లకే. మూడడుగులు దాటేట్టుంటే ఇల్లు బిగించడం తప్పు. బయటి నీళ్ల ఒత్తిడికి గోడ లోపలికి పడుతుంది. దొంగల భయంతో అందరూ తాళం వేస్తారు. నా మాట వింటే విలువైనవి పట్టుకుపోయి, కిటికీలు తెరిచి, నీళ్లను లోపలికీ బయటికీ తిరగనివ్వాలి. మెయిన్ స్విచ్ ఆపి ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. ఆపేసిన స్విచ్‌ను ఎవరో ఒకరు వేస్తారు, జేబులో ఉన్న ఫ్యూజును వేయలేరు.

కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, లోతు ఎంతైనా సరే, దాటకూడదు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును పక్కకు జరుపుతాయి, రెండడుగులు చాలా బండ్లను ఎత్తేస్తాయి. ట్రాక్టరు బరువని ధైర్యం చేస్తారు గానీ ట్రాలీ తేలి ఇంజన్‌ను తన వెంట ఈడుస్తుంది. పైగా నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనబడదు. కాజ్‌వే మీదికి నీళ్లెక్కాక ఊళ్లో చిక్కినవాళ్లకు తోవ మిద్దెల మీదికే. మిద్దె మీదికి తాగే నీళ్లు, అటుకులు, టార్చి, తాడు, పరదా, మూతలు బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యాన్లు ఎక్కించాలి. మూత గట్టిగా ఉన్న ఒక్క క్యాను చంక కింద కట్టుకుంటే పెద్ద మనిషి తల మునగదు. ఫోన్ చెయ్యాల్సింది 112కు, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077కు. ఊరి పేరుతో పాటు ఏ మిద్దె, ఎంతమంది, నడవలేనివాళ్లు ఎందరు అన్నది మొదటి ఫోన్‌లోనే చెప్పాలి, రెండో ఫోన్ కలుస్తుందన్న భరోసా లేదు. టవర్లు డీజిల్ అయిపోయేదాకే పనిచేస్తాయి. బటన్ల ఫోను ఒకటి ఛార్జింగ్ పెట్టి, ఆఫ్ చేసి పక్కన ఉంచుకుంటే అదే ఆఖరికి అక్కరకొస్తుంది.

నీళ్లు తీస్తున్నప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, దానికి మళ్లీ అవకాశం రాదు. ఇంట్లో మోకాలు లోపు నీళ్లుండగానే చీపుర్లు, పారలతో ఒండ్రును కలిపి ఆ నీళ్లతోనే బయటికి నెట్టాలి. నీళ్లు పోయాక అదే ఒండ్రు ఒక్క ఎండకు గట్టిపడుతుంది, తర్వాత గడ్డపార పట్టాలి. అయితే మట్టి గోడల ఇల్లయితే ఈ పనికి లోపలికి పోవద్దు. నానిన గోడ నీళ్ల ఆసరాతో నిలబడి ఉంటుంది, నీళ్లు దిగాక ఒకటి రెండు రోజుల్లో కూలుతుంది. గోడ అడుగున ఉబ్బు, మూలల్లో నిలువు పగులు కనిపిస్తే గుమ్మం దాటకూడదు. సజ్జల మీద, కట్టెల మోపుల్లో, బోర్లించిన బిందెల కింద పాములుంటాయి. కర్రతో కదిలించకుండా చెయ్యి పెట్టొద్దు. కాటు పడితే తాడు కట్టకుండా, కోయకుండా, కాలో చెయ్యో కదలనివ్వకుండా నేరుగా దవాఖానకే.

ఊడ్చే ముందు ఫోటోలు. గోడ మీది నీటి గీత, కూలిన భాగం, తడిసిన బియ్యం, మనిషి పక్కన నిలబడి ఎత్తు తెలిసేటట్టు తీయాలి. జాబితాకు పంచాయతీ కార్యదర్శి, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా కడిగి ఉంటే నష్టం కళ్లకు కనబడదు. మా వాడకట్టులో ఒకసారి చక్కగా కడుక్కున్న ఇళ్లే జాబితాలో లేకుండా పోయాయి. పంటకు 33 శాతం, ఆ పైన నష్టం ఉంటేనే సాయం లెక్కలోకి వస్తుంది కాబట్టి ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చినప్పుడు రైతు పొలం దగ్గర ఉండాలి. ఇసుక మేట వేస్తే దాని మందం గడ్డపార గుచ్చి చూపించాలి.

మునిగిన బావి నీళ్లు రంగు తేరినా తాగకూడదు. ముందు తోడిపోసి, కొత్త నీరు ఊరాక బ్లీచింగ్ వేయాలి. గుండ్రటి బావి అడ్డం కొలతను మీటర్లలో దానితో అదే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల అడ్డం, అయిదు మీటర్ల లోతుకు 15,700 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు లెక్కన నలభై గ్రాములు. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే బావిలోకి దింపి కలియదిప్పాలి. సున్నం కూడా పోస్తే నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది. కనీసం గంట, మేమైతే రాత్రంతా వదిలేస్తాం. మూత తీసి ఏడాదైన పౌడరు వాసన తప్ప పని చేయదు.

తడిసిన మోటారును ఎండబెట్టి ఆన్ చేస్తే వైండింగ్ కాలుతుంది. రివైండింగ్ షాపులో వేడి పెట్టించి, మెగ్గరుతో (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) చూపించాకే బిగించాలి. లైన్‌మన్ ప్రతిసారీ అరుస్తాడు: "అన్నా, నేనొచ్చి చూసేదాంక స్టార్టర్ ముట్టకు." తడి గోడ మీది స్విచ్‌బోర్డుకూ అదే మాట.

కాజ్‌వే పైకి తేలగానే ఎవరో ఒకరు బండి వేసుకుని బయల్దేరతారు. పైన తారు బాగానే ఉంటుంది, కింద మట్టి పోయి బోలుగా ఉంటుంది. అంచుల్లో గడ్డపారతో కొట్టి చూస్తే శబ్దంలో తెలుస్తుంది, గట్టి చోట ఠంగుమంటుంది, బోలు చోట డప్పులా మోగుతుంది. బోలు చోట రెండు కట్టెలు పాతి ఎర్రగుడ్డ కడతాం. పశువులను మాత్రం అప్పుడే దింపం. బురద పట్టిన గడ్డి మేస్తే పారుడు పడుతుంది, ఒక మంచి వాన పడి గడ్డి కడగాలి. కాజ్‌వే పక్కన మట్టి పోసి, ఏటూరునాగారం బస్సు మళ్లీ ఊళ్లోకి వచ్చేదాకా అవి గుట్ట మీదే ఉంటాయి.